పంతులుగారు ఇచ్చిన మూడేళ్ళు

ఝాన్సీ రాసిన కంప్యూటర్ ఫారం ముందు కూర్చోవాలంటే ఆపరేటర్లకి హడలు. ఫోను నంబరులో ఒక్క అంకె తగ్గిందా, గడి చుట్టూ ఎర్రగీత. పేరు మధ్యలో పొరపాటున అంకె పడిందా, మళ్ళీ ఎర్రగీత. ఫిబ్రవరి ముప్ఫై అని కొడితే గీతతో పాటు ఒక కూత కూడా. అన్ని గడులూ దానికి నచ్చేదాకా అడుగున ఉన్న సేవ్ బటన్ బూడిదరంగులో పడి నిద్రపోతూ ఉంటుంది. బాపట్ల నాడీ పరిశోధన కేంద్రంలో దానికి ‘అత్తగారి ఫారం’ అని పేరు పెట్టుకున్నారు. ఎంత బాగా వండినా ఉప్పు తక్కువైందనే రకం. ఆ పేరు చెవిన పడితే ఝాన్సీకి కోపం రాకపోగా లోలోపల గర్వంగా ఉండేది.

గర్వపడటానికి కారణం లేకపోలేదు. ఆమె చేరిన కొత్తలో, ఇంకా ఎలుకల మీదే ప్రయోగాలు నడుస్తున్న రోజుల్లో, ఒక ఆపరేటరు పుట్టిన తేదీ గడిలో వచ్చే ఏడాది తేదీ కొట్టాడు. అప్పటి ఫారం మంచిది, ఎవరినీ నొప్పించేది కాదు, కిక్కురుమనకుండా తీసుకుంది. బుర్ర జబ్బుకి చికిత్స చేసే యంత్రం ఇంకా పుట్టని ఎలుకకి లెక్క కట్టి, బోనులో ఉన్న ఎలుక బుర్రని కడిగిన పలక చేసి వదిలింది. ఆ ఎలుక నీళ్ళు తాగడం కూడా మరిచిపోయి, నీళ్ళ గిన్నె పక్కనే పడుకుని మూడో రోజుకి చచ్చింది. దాన్ని చూసి ఝాన్సీ ఆ పూట అన్నం తినలేదు. తప్పు అనేది గడప అవతలే ఆగిపోవాలని ఆ రోజే గట్టిగా అనుకుంది.

ఆ తర్వాత మనుషుల వంతు వచ్చింది. పుట్టిన తేదీ గడికి ఝాన్సీ ఇంకో కాపలా పెట్టింది. కొట్టిన తేదీ ప్రభుత్వ కార్డులో ఉన్న తేదీతో అక్షరాలా సరిపోవాలి. సరిపోకపోతే ఎర్రగీత. మూడుసార్లు సరిపోకపోతే ఫారం తాళం వేసుకుంటుంది, మళ్ళీ రెండు గంటలకిగానీ తెరుచుకోదు. ఆరోగ్య పథకం వాళ్ళు ఆ కాపలాని చూసి మెచ్చుకుని, మిగతా చోట్ల కూడా ఇలాగే ఉండాలని ఉత్తరం రాశారు. కేంద్రం పెద్ద డాక్టర్ చక్రపాణి ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించాడు.

ఒక్క మస్తాన్‌వలికే అది నచ్చలేదు. యాభై దాటిన మనిషి, ఆపరేటర్లందరిలోకీ పాత కాపు. ఒకరోజు టీ గ్లాసు పట్టుకుని ఝాన్సీ గదికి వచ్చాడు.

“ఝాన్సమ్మా, ఒక మాట. పుట్టిన తేదీ కింద ఇంకో గడి పెట్టరాదూ? ‘అసలు తేదీ’ అని.”

“ఒక మనిషికి రెండు పుట్టినరోజులేంది మస్తాన్ గారూ?” ఝాన్సీ నవ్వింది.

“మా కాలం వాళ్ళకి రెండే అమ్మా. ఒకటి అమ్మ కన్నది, ఒకటి బళ్ళో పంతులు కన్నది. నన్నే చూడు. నేను పుట్టింది చలికాలంలో అంట. కార్డులో చూస్తే జూలై ఒకటి. చేర్పించేటప్పుడు మా నాయన చేతివేళ్ళు మడిచి ఏదో చెప్పాడు, పంతులు ఆయనకి తోచింది రాసుకున్నాడు.”

“రెండు గడులు పెడితే ఆపరేటరు ఏది కావాలంటే అది కొడతాడు. అప్పుడిక తనిఖీ ఎందుకు? కార్డులో ఉన్నదే నిజం అనుకోండి, గొడవ ఉండదు.”

“అనుకోవడానికేముంది,” అన్నాడు మస్తాన్‌వలి. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. దేశంలో సగం మంది జూలై ఒకటినే పుట్టారని ఝాన్సీకీ తెలుసు. పేషెంట్ల జాబితా చూసి ఒకసారి తనే జోకు కూడా వేసింది. ఆ నవ్వు అక్కడితో సరిపోయింది.

ఝాన్సీ తల్లి సీతారావమ్మ కూడా జూలై ఒకటి మనిషే.

ఆ కథ ఆవిడ నోటనే వినాలి. చీరాల టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేరి, నంబర్లు కలిపే రోజులు పోయాక అదే శాఖలో వేరే కుర్చీలు మారి, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసిన గొంతు అది. “నేను పుట్టింది అరవై మూడు కార్తీక పౌర్ణమి మర్నాడు. తమ్ముళ్ళని ఎత్తుకుని తిప్పడంతో నన్ను బడికి ఆలస్యంగా పంపారు. ఒకటో తరగతికి ఐదేళ్ళే ఉండాలి గదా, సుబ్బరామయ్య పంతులు నా మొహం చూసి, పొట్టిగానే ఉందిలే అని అరవై ఆరు జూలై ఒకటి అని రాసేశాడు. మహానుభావుడు! నాకు మూడేళ్ళు ఉద్యోగం ఊరికే ఇచ్చాడు.” రిటైరైన రోజు సన్మానంలో కూడా ఈ కథే చెప్పి అందరినీ నవ్వించింది. పెన్షన్ కాగితాల్లో, బ్యాంకులో, రైలు టికెట్లలో, ఎవరు అడిగినా ఆ తేదీయే. ఫారానికి చెప్పేది ఫారానికి, ఇంట్లో చెప్పుకునేది ఇంట్లో. సున్నపు గోడలో మేకులాగా ఆ అలవాటు ఇంటిల్లిపాదికీ దిగిపోయింది.

తల్లీకూతుళ్ళ మధ్య నాలుగేళ్ళు మాటల్లేవు. ఆరేళ్ళ కిందట, నిశ్చయ తాంబూలాలు అయిన సంబంధాన్ని కాదని ఝాన్సీ తనతో పనిచేసే రూబెన్‌ని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. “నాకు కూతురు లేదు. ఉందని ఎవరన్నా అంటే వాళ్ళూ లేరు,” అని సీతారావమ్మ బంధువులందరికీ ఒక్కొక్కరికీ ఫోను చేసి మరీ చెప్పింది. నంబర్లన్నీ ఆవిడకి నోటికే వచ్చు. తండ్రి ఆదినారాయణ మాత్రం చాటుమాటున బాపట్ల వచ్చి, కూతురు పెట్టింది తిని, చీరాల వెళ్ళి పెళ్ళాం దగ్గర ఆకలి లేదని అబద్ధమాడేవాడు.

రెండేళ్ళ కిందట ఆయన గుండె ఆగి పోయాడు. ఆ పొద్దున ఝాన్సీ ఫోనులో తల్లి గొంతు, ఎక్స్ఛేంజ్‌లో మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. “మీ నాన్నని నువ్వొస్తేగానీ లేపరు. రా.” కొడుకులు లేని ఇంట్లో ఝాన్సీయే తలకొరివి పెట్టింది. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి సీతారావమ్మ చీరాల అద్దెయిల్లు ఖాళీ చేసి, ఒక ట్రంకుపెట్టెతో కూతురి ఇంటికి వచ్చేసింది. రూబెన్ పెట్టె అందుకుంటే, “జాగ్రత్త అల్లుడూ, అందులో గాజుసామాను ఉంది,” అంది. ఇంకో నెలకి, ఇద్దరూ గోంగూర ఒలుస్తూ ఉండగా, తల ఎత్తకుండానే అంది:

“తప్పయిపోయిందే. నాలుగేళ్ళు నిన్ను ఉసురు పెట్టాను.”

అంతే. ఆ తర్వాత పచ్చడిలో వెల్లుల్లి ఎన్ని వేయాలన్న మాటలోకి వెళ్ళిపోయింది. ఝాన్సీ లేచి స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, కడుపారా ఏడ్చి వచ్చింది. జీవితంలో తల్లి తనకి తప్పు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి, కాలూ చెయ్యీ నిలబడి మాట ఒక్కటే పడిపోయింది. అక్షరాలు రాయబోతే కొక్కిరిబిక్కిరి అయిపోయేవి. అంకెలు మాత్రం నిలబడ్డాయి, నంబర్లతో బతికిన మనిషి కదా. రూబెన్ ఒక పలక కొనితెచ్చాడు. టీవీ ఛానెల్ కావాలంటే నంబరు రాసేది, టైము కావాలంటే ప్రశ్నార్థకం గీసేది. నలభై రోజులు అలా గడిచాక, ఝాన్సీ ఆవిడని తను పనిచేసే చోటికే తీసుకొచ్చింది.

డాక్టర్ చక్రపాణి సీతారావమ్మ ఎదురుగా కూర్చుని, తన యంత్రం సంగతి తనే చెప్పాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘వెనకనడక’.

“తాటిచెట్టు చూశారు కదమ్మా? మట్ట రాలిన చోటల్లా ఒక గీత ఉంటుంది. అలాగే మన బుర్రలో కణాలు రోజుకొక పొర వేసుకుంటాయి. పుట్టిన రోజుది అడుగున, ఇవాళ్టిది పైన. మీకు జబ్బు చేసిన రోజు నుంచీ పడ్డ పొరలు చెడిపోయాయి. వాటిని ఒలిచేస్తే కణం ఆ ముందు రోజు ఎలా ఉండేదో అలా అయిపోతుంది. మాట వచ్చేస్తుంది. ఈ నలభై రోజులు మాత్రం గుర్తుండవు. ఇష్టమేనా?”

సీతారావమ్మ చెయ్యి విసిరింది. ఆ నలభై రోజులు ఎవరిక్కావాలి అన్నట్టు. తర్వాత పలక తీసుకుని ఒక ప్రశ్నార్థకం గీసి, దాని పక్కన పై నుంచి కిందికి ఒక బాణం గీసింది.

“పై నుంచి నలభై లెక్కపెట్టి ఒలవచ్చు కదా అంటున్నారా?” డాక్టరు ముచ్చటపడ్డాడు. “మంచి ప్రశ్న. చెడిపోయిన పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయమ్మా, లెక్కకి అందవు. పైన మొవ్వు కుళ్ళిన చెట్టుకి మొదట్నుంచే లెక్కపెట్టాలి. మీరు పుట్టిన రోజు నుంచి జబ్బు చేసిన రోజుకి ఎన్ని రోజులో చూసుకుని, అన్ని పొరలు ఉంచి మిగతావి తీసేస్తాం.”

సీతారావమ్మ ఆ మాట శ్రద్ధగా విని, తల పంకించింది. పక్కనే కూర్చున్న ఝాన్సీ కూడా విన్నది. వందసార్లు విన్న పాఠమే కాబట్టి, పోయిన వారం వాన పడిందన్న కబురు విన్నట్టు విని ఊరుకుంది.

చికిత్స రోజున బంధువులు లోపల ఉండకూడదు. ఝాన్సీ పై అంతస్తులో తన గదిలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. పదకొండు గంటలకి యంత్రం. ఆ వేళ తప్పితే మళ్ళీ వంతు పదకొండు రోజులకి. అంత ఆలస్యమైతే చెడు అడుగు పొరలకి కూడా దిగుతుందని, అప్పుడు తను కూడా ఏమీ చేయలేనని డాక్టరు ముందే చెప్పాడు. పదకొండుకి పది నిమిషాలుండగా ఇంటర్‌కమ్ మోగింది.

“ఝాన్సమ్మా, మస్తాన్‌ని. మీ అమ్మగారి తేదీ కాడ ఫారం మొరాయిస్తంది.”

“ఏమంటోంది?”

“ఆమె పలక మీద తేదీ రాసి ఇచ్చారు. అదే కొట్టా. ఎర్రగీత. నేనే తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టా. మళ్ళీ ఎర్రగీత. ఇంకోసారి పడితే తాళం.”

తాళం పడితే రెండు గంటలు. రెండు గంటలంటే పదకొండు రోజులు.

“కార్డులో ఏముంది?”

“ఒకటి, ఏడు, అరవై ఆరు.”

“అదే కొట్టండి మస్తాన్ గారూ. మా అమ్మకి అన్నిచోట్లా అదే.”

“పలక మీద వేరేది రాస్తన్నారమ్మా. కింద గీత గీసి మరీ చూపిస్తన్నారు.”

“కంగారులో ఏదో రాస్తోంది. కార్డు ప్రకారం వేసెయ్యండి, టైం లేదు.”

ఆ వేరేది ఏమిటని ఆమె అడగలేదు. అడిగి ఉంటే చాలు. తల్లి నోట ఆ కథ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న మనిషి, అంకెలు వినగానే ఆగేది. కానీ ఎవరో ఫారం ముందు తల్లి పుట్టిన తేదీ అడిగారు. నోరు అలవాటు ప్రకారం జవాబు చెప్పేసింది. ఒక నిమిషం తర్వాత ఆమె ముందున్న తెరమీద సీతారావమ్మ పేరు ఎదుట పచ్చటి టిక్కు వెలిగింది. సేవ్ బటన్ మేలుకుంది. ఝాన్సీ కుర్చీలో వెనక్కి వాలి, దేవుడా అని ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు ఉదయం సీతారావమ్మకి మెలకువ వచ్చింది. నర్సు మంచినీళ్ళు ఇస్తే తాగి, “ఈ నీళ్ళు బోరువా?” అని అడిగింది. మాట! గుక్క తిప్పుకోకుండా, తడబాటు లేకుండా, చీరాల ఎక్స్ఛేంజ్ గొంతు. నర్సు పరుగెత్తుకొచ్చి చెబితే ఝాన్సీ రెండేసి మెట్లు దిగుతూ వార్డుకి వచ్చింది.

“అమ్మా!”

సీతారావమ్మ మొహం తిప్పి చూసింది. ఆ చూపులో గుర్తుపట్టడం ఉంది. గుర్తుపట్టకపోయినా బాగుండేదని ఝాన్సీ తర్వాత చాలాసార్లు అనుకుంది.

“నువ్వెందుకొచ్చావిక్కడికి?”

“అమ్మా, నేను...”

“నిన్ను ఎవరు రానిచ్చారు? మీ నాన్నేనా? ఆయనకి నా మాటంటే లెక్కలేకుండా పోతంది. సిస్టరూ, మా ఆయన బయటే ఉంటాడు, పిలువమ్మా. ఈమెని మాత్రం పంపించెయ్. నాకు బి.పి. పెరుగుద్ది.”

“ఎవరు ఈమె?” నర్సు అయోమయంగా అడిగింది.

“ఎవరూ కాదు,” అని సీతారావమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మగతలో ఉందేమో అనుకుంది ఝాన్సీ. సాయంత్రం దాకా అలాగే అనుకుంటూ వరండాలో కూర్చుంది. డాక్టరు వెళ్ళి ఏ నెల, ఏ సంవత్సరం అని అడిగి, బయటికి వచ్చి నేరుగా తన గదికి వెళ్ళిపోయాడు. అప్పుడు మస్తాన్‌వలి పలక పట్టుకొచ్చాడు. లోపల వదిలేశారని, తుడవబుద్ధి కాలేదని అన్నాడు.

పలక మీద రెండు, పదకొండు, అరవై మూడు. కింద మూడు గీతలు. ఆ మూడో గీత దగ్గర సుద్ద విరిగి తెల్లటి మచ్చ పడింది.

జీవితమంతా ఫారాలకి అబద్ధం చెప్పిన మనిషి, మొట్టమొదటిసారి ఒక ఫారానికి నిజం చెప్పింది. డాక్టరు పాఠం ఆవిడకి అర్థమైంది. పుట్టిన రోజు నుంచి లెక్కపెడతారంటే, పంతులు రాసిన రోజు పనికిరాదని ఆవిడకి తెలిసింది. మాట లేని నోటితో, సుద్ద విరిగేలా చెప్పింది. ఫారం రెండుసార్లు కాదంది, మూడోసారి కాదన్నది కన్నకూతురు.

ఝాన్సీ లెక్క కట్టుకుంది. తొమ్మిది వందల డెబ్బై రెండు రోజులు. నలభైకి తోడు ఇంకో తొమ్మిది వందల డెబ్బై రెండు పొరలు, ఏ చెడూ లేనివి, ఒలిచి పారేశారు. ఆదినారాయణ చావు అందులోనే ఉంది. ఆ పొద్దుటి ఫోను, తలకొరివి, ట్రంకుపెట్టె, అల్లుడూ అన్న పిలుపు, గోంగూర. అన్నీ అందులోనే. తల్లి ఇప్పుడు ఉన్నది కోపం సలసలా కాగుతున్న రోజుల్లో. భర్తకి ఇంకా ఎనిమిది నెలల ఆయుష్షు ఉన్న రోజుల్లో.

సుబ్బరామయ్య పంతులు ఊరికే ఇచ్చిన మూడేళ్ళు ఇన్నాళ్ళకి ఎవరో వచ్చి వసూలు చేసుకుపోయారు.

పలక పట్టుకుని ఆమె డాక్టర్ చక్రపాణి గదిలోకి వెళ్ళింది.

“తిరిగి పెట్టలేమా సార్?”

“ఒలిచిన పొర మళ్ళీ అతకదు ఝాన్సీ. నీకు తెలియందేముంది.” ఆయన గొంతులో జాలి ఉంది. జాలి పడటం ఆయనకి బాగా చేతనవును. “చూడు, ఫారం తప్పు చేయలేదు. చెప్పినట్టే చేసింది. రిపోర్టులో కూడా అలాగే రాద్దాం. మీ అమ్మగారికి మాట వచ్చింది. చికిత్స ఫలించినట్టే.”

“సార్, మనం ఇప్పటిదాకా నలభై ఒక్కమందికి చేశాం. ఇందాక జాబితా తీసి చూశాను. అందులో మా అమ్మ కాక ఇరవై మూడు మంది జూలై ఒకటి, జూన్ ఒకటి వాళ్ళు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఎవరైనా ఫిర్యాదు చేశారా?”

“మరిచిపోయినవాళ్ళు ఏమని చేస్తారు సార్? ఇంట్లోవాళ్ళు జబ్బు వల్ల అనుకుంటారు.”

“మరి మనం ఎందుకు కెలకడం?”

గోడమీద ఆ ఉత్తరం అద్దంలో మెరుస్తోంది. కంచే చేను మేస్తే చెప్పుకునే దిక్కు ఉండదంటారు. ఆ కంచె కట్టింది తనే కావడంతో ఝాన్సీకి ఆయన మీద అరవడానికి కూడా నోరు రాలేదు. తన గదికి వచ్చి, ఇరవై మూడు ఇళ్ళకీ ఉత్తరాలు రాసి, ఆయన సంతకం లేకుండానే పోస్టు చేసింది. వాటి వల్ల ఎవరికైనా ఒక్క రోజైనా వెనక్కి వస్తుందా అంటే రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

పుట్టిన తేదీ కింద రెండో గడి పెట్టడానికి ఆమెకి పదిహేను నిమిషాలు పట్టింది. కేవలం పదిహేను నిమిషాలు.

నాలుగో రోజున సీతారావమ్మని ఇంటికి పంపించమన్నారు. భర్త సంగతి ఇంటికి వెళ్ళాక, కుదురుగా, నెమ్మదిగా చెప్పాలని డాక్టరు సలహా. ఆయన పనిమీద ఊరెళ్ళాడని నర్సుల చేత అప్పటిదాకా నెట్టుకొచ్చారు. పంపించే ముందు ఇంకో ఫారం నింపాలి. అదీ ఝాన్సీ రాసిందే. పేషెంటు తన వివరాలు తనే చూసుకోవాలని తెరని వాళ్ళవైపు కూడా తిప్పి పెట్టించింది తనే.

మస్తాన్‌వలి ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చాడు. ‘వెంట తీసుకెళ్ళే వ్యక్తి’ అన్న గడి దగ్గర ఆగి, దూరంగా గుమ్మం పక్కన నిలబడ్డ ఝాన్సీ వైపు చూశాడు.

“మా ఆయన పేరు వెయ్యి,” అంది సీతారావమ్మ. “ఉప్పల ఆదినారాయణ.”

మస్తాన్‌వలి వేళ్ళు కీబోర్డు మీద కదల్లేదు. “వేరే ఎవరిదైనా వేద్దాం అమ్మా. ఆయన ఊళ్ళో లేరు గదా.”

“ఊళ్ళో లేకపోతే పేరు ఉండదా? ఇటివ్వు, నేను కొడతా. నువ్వు బళ్ళో ఉన్నప్పటి నుంచీ కొడతన్నా నేను.”

కీబోర్డు తనవైపు లాక్కుని చకచకా కొట్టేసింది. అడ్డం పడటానికి ఝాన్సీ నాలుగు అడుగులు వేసేలోగానే గడి చుట్టూ ఎర్రగీత పడింది. కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. సీతారావమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, ట్రంకుకాల్ వచ్చిందని చెప్పే గొంతుతో, పైకే చదివింది.

“చెల్లదు. ఈ వ్యక్తి మరణించినట్టు నమోదై ఉంది. మరొకరి పేరు ఇవ్వండి.”

తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టింది. ఈసారి ఒక్కొక్క అక్షరం చూసుకుని. మళ్ళీ అదే ఎర్రగీత, అవే మాటలు. మూడోసారికి వేలు లేవలేదు.

“ఇది అబద్ధం గదా బాబూ?” మస్తాన్‌వలిని అడిగింది.

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ ఆయన్ని చూసింది, తెరని చూసింది, ఆఖరికి, వేరే దిక్కులేక, ఝాన్సీని చూసింది. ఝాన్సీ కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“ఎప్పుడు?”

“రెండేళ్ళయింది అమ్మా. నువ్వే నాకు ఫోను చేశావు. నువ్వే రమ్మన్నావు. తర్వాత మన ఇద్దరం...”

“నేను నీకు ఫోను చెయ్యడమేంది?” సీతారావమ్మ కీబోర్డు పక్కకి నెట్టేసింది. “మొగుడి చావు కూడా నాకు తెలియనీకుండా చేశారన్నమాట. నాలుగు రోజుల నుంచీ ఊరెళ్ళాడని చెప్పి...” చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు కొంగులోంచి పీలగా వినిపించింది. ఝాన్సీ భుజం మీద చెయ్యి వేయబోతే, నిప్పు తగిలినట్టు పక్కకి జరిగింది.

చాలాసేపటికి కొంగు తీసి, తెర వైపు చూపించి అడిగింది. “ఆ మాటలు ఎవరు రాశారు?”

“నేనే అమ్మా.”

“నీకంటే అదే నయం. చెప్పాల్సింది చెప్పింది.”

మస్తాన్‌వలి గొంతు సవరించుకున్నాడు. ఎవరో ఒకరి పేరు లేకపోతే ఫారం వదలదు. మెల్లగా ఝాన్సీ పేరు కొట్టాడు. ‘పేషెంటుతో సంబంధం’ అన్న గడిలో ‘కూతురు’ అని కొట్టాడు. కార్డుతో సరిపోయింది. పచ్చటి టిక్కు వెలిగింది.

సీతారావమ్మ అది కూడా చదివింది. “తప్పు. నాకు కూతురు లేదు. కొట్టెయ్ అది.”

“కొట్టేస్తే ఒప్పుకోదమ్మా,” అన్నాడు మస్తాన్‌వలి, ఏడుపు గొంతుతో. “కార్డులో ఉంది.”

“కార్డులో ఉంటే చాలా?”

మస్తాన్‌వలి ప్రింటు నొక్కాడు. కాగితం బయటికి వచ్చింది. సీతారావమ్మ సంతకం చేయలేదు; వేలిముద్ర కూడా వేయలేదు. దానికి గడి లేదు కాబట్టి ఫారం అడగనూ లేదు.

ఆవిడ ముందు నడిచింది. పది అడుగుల వెనక సంచి మోసుకుంటూ ఝాన్సీ. తప్పయిపోయిందే అన్న ఆ ఒక్క మాట ఇప్పుడు ఈ భూమ్మీద తన ఒక్కదాని దగ్గరే ఉంది. అన్న మనిషికి ఎన్నిసార్లు చెప్పినా అబద్ధంగానే వినబడుతుంది. నమ్మించడానికి ఏ కార్డూ లేదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. సీతారావమ్మ ఎక్కి కూర్చుంది. ఝాన్సీ అనుమతి అడగకుండా డ్రైవరు పక్కన, అంచు మీద కూర్చుంది.

“ఎక్కడికమ్మా?” అన్నాడు డ్రైవరు వెనక్కి తిరిగి.

సీతారావమ్మ కళ్ళు తుడుచుకుని, చీరాల ఇంటి అడ్రసు చెప్పింది. డోరు నంబరు, వీధి, గుర్తుగా పక్కనున్న సోడాకొట్టు, అన్నీ అంకె పొల్లుపోకుండా. ఆ ఇల్లు ఖాళీ చేసి ఏడాదిన్నర దాటింది. అందులో వేరేవాళ్ళు ఉంటున్నారు.

తప్పు అడ్రసు. ఝాన్సీ సరిదిద్దలేదు.